మెడ కోయకుండా చాపర్ కట్టడం

సభలో ఉన్న పెద్దలకు, మిత్రులకు, వెనక వరుసలో హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కుర్రవాళ్లకు నమస్కారం. ఏటా పద్యాల గురించీ పండుగల గురించీ మాట్లాడుకునే ఈ హాలులో ఈసారి ఇనుప గొట్టాల గురించి మాట్లాడమని నన్ను పిలవడం నిర్వాహకుల సాహసమే. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగే అయినా ఉద్యోగం కంప్యూటర్ల మీద చేస్తున్నాను. పద్నాలుగు నెలలపాటు రాత్రిపూట మా ఇంటి గ్యారేజీలో ఒక పాత మోటారు సైకిలును చాపర్‌గా, అంటే అదనపు భాగాలు కోసేసి ముందు చక్రాన్ని ముందుకు చాచిన బండిగా, మార్చుకున్నాను. ఆ పనిలో నాకు తెలిసివచ్చిన సంగతులను, చేసిన తప్పులతో సహా, మీ ముందు పెడతాను.

ఇలా చాపర్ కట్టడానికి ఆధారంగా తీసుకునే పాత బండిని ఇక్కడ అమెరికాలో డోనర్ బైక్, అంటే దాత బండి, అంటారు. దాత అనగానే మనకు అవయవదానం గుర్తుకు వస్తుంది. ప్రాణం పోయినవారి గుండె తీసి మరొకరికి పెట్టినట్టు ఊహించుకుంటాం. ఇక్కడ జరిగేది అది కాదు. దాత బండి ప్రాణంతోనే ఉంటుంది, దాని ఇంజినూ దాని పేరూ దానికే ఉంటాయి. తీసేది ఒంటి మీది అదనపు బరువును మాత్రమే. చాపర్ అన్న మాటలోనే కోత ఉంది కాబట్టి కొత్తవాళ్ల దృష్టంతా ఎక్కడ కోయాలన్న దాని మీదే ఉంటుంది. ఎక్కడ కోయకూడదో ముందు తేల్చుకుంటే మిగతా పని దానంతట అదే ఒక దారిలో పడుతుందన్నది నా అనుభవం. ఆ కోయకూడని చోటు మెడ, అంటే హ్యాండిల్ కింద, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల కాడ దూరి తిరిగే ఆ పొట్టి లావుపాటి గొట్టం.

ఈ పద్ధతికి మూలం అమెరికాలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇళ్లకు తిరిగివచ్చిన యువకులు బరువైన హార్లే డేవిడ్‌సన్, ఇండియన్ అనే కంపెనీల బళ్ల ముందు మడ్‌గార్డును తీసేసి, వెనకదాన్ని కురచగా కోసి, వేగం కోసం బరువు తగ్గించుకున్నారు. వాటిని బాబర్లు అన్నారు. 1960లకు వచ్చేసరికి కాలిఫోర్నియాలో వేగం కన్నా ఆకారం ముఖ్యమైంది. ఫోర్కులు పొడవయ్యాయి, మెడ వెనక్కు వాలింది, వెనక షాకబ్జర్లు మాయమయ్యాయి. 1969లో వచ్చిన 'ఈజీ రైడర్' సినిమాలో జెండా రంగుల ట్యాంకుతో కనిపించే చాపర్ ప్రపంచమంతటికీ తెలుసు. ఆ బండి కూడా వేలంలో కొన్న పాత పోలీసు హార్లే నుంచి పుట్టిందేనని, దాని వెనక ఉన్న క్లిఫర్డ్ వాస్, బెన్ హార్డీ అనే నల్లజాతి అమెరికన్ల పేర్లు దశాబ్దాలపాటు బయటికి రాలేదని చాలామందికి తెలియదు. తెరమీద కనిపించినవాడికి పేరు, గొట్టం వంచినవాడికి మసి. మన ఊళ్లలోనూ ఇదే వరస.

ఇక మెడ సంగతి. ఆ గొట్టానికి మూడు బాధ్యతలు ఉన్నాయి. బండి గుర్తింపు సంఖ్య దాని మీదే గుద్ది ఉంటుంది. ముందు చక్రం ఎంత వాలుగా నిలబడాలో అదే నిర్ణయిస్తుంది. ఫ్రేము మీద తీసే ప్రతి కొలతా దాని నుంచే మొదలవుతుంది. దాన్ని ముట్టుకోకుండా ఉంటే ఈ మూడూ మనకు ఉచితంగా వస్తాయి. ముట్టుకుంటే మూడింటికీ మనమే పూచీ పడాలి.

మొదటి బాధ్యతను నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మొదట కొన్న బండికి కాగితాలు లేవు. ఇక్కడ టైటిల్ అంటాం, మన ఆర్‌సీ లాంటిదే. అమ్మినతను కాగితం ఎక్కడో పడిపోయింది, దరఖాస్తు పెడితే నెలలో వస్తుంది అన్నాడు. ధర తక్కువ కావడంతో నేనూ నమ్మాను. ఇంటికి తెచ్చి మెడ మీది నల్ల రంగును పెయింటు రిమూవరుతో కడిగి, తీగ బ్రష్‌తో రుద్ది, టార్చిలైటు పక్కనుంచి కొట్టి చూస్తే నంబరులో రెండు అంకెలు ఆకురాయితో అరగదీసినట్టు చదునుగా ఉన్నాయి. ఆ గీతల మీద వేలు పెట్టి చూసినప్పుడు కలిగిన చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ బండిని ఇక రోడ్డు మీదికి తేలేమని అప్పుడే అర్థమైంది. అందుకే రెండోసారి ఇంజిను స్టార్ట్ చేయమని అడగడానికి ముందే టార్చి అడిగాను. కాగితంలోని సంఖ్యా మెడ మీది సంఖ్యా ఒకటే అయితేనే బేరం మొదలుపెట్టాలి. సొంతంగా కొత్త ఫ్రేము కట్టుకునేవారికి ప్రత్యేకంగా నిర్మించిన వాహనం కింద కొత్త టైటిల్ ఇచ్చే పద్ధతి ఈ దేశంలో ఉంది కానీ, అది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉంటుంది. తనిఖీలు, విడిభాగాల రసీదులు, ఎదురుచూపులు తప్పవు. దాత బండి మెడ నిలిస్తే దాని సంఖ్య నిలుస్తుంది, సంఖ్యతోపాటు కాగితమూ నిలుస్తుంది.

ఆ రెండో బండి యమహా ఎక్స్‌ఎస్650. ఇది 1970 మోడల్‌గా మొదలై 1980ల మధ్య దాకా తయారైంది. 75 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వ్యాసం), 74 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), పక్కపక్కనే నిలబడ్డ రెండు సిలిండర్లు, మొత్తం 653 సీసీ. ఇంట్లో చాపర్ కట్టుకునేవాళ్లు ఈ బండిని అంతగా ఇష్టపడటానికి కారణం దాని అందం ఒక్కటే కాదు, అమరిక. గాలికే చల్లబడే ఇంజిను కాబట్టి రేడియేటరును ఎక్కడ దాచాలన్న బెంగ ఉండదు. నూనె ఇంజిను అడుగునే ఉంటుంది కాబట్టి వేరే నూనె ట్యాంకు అక్కర్లేదు. వెనక చక్రాన్ని తిప్పేది చైను కాబట్టి చక్రాన్ని నాలుగు అంగుళాలు వెనక్కు జరిపితే పన్నెండు లింకులో పద్నాలుగు లింకులో కలిపితే సరిపోతుంది. అన్నింటికన్నా ముఖ్యంగా, ఇంజిను చుట్టూ గొట్టాలు ఊయలలా ఉంటాయి కాబట్టి వెనక సగాన్ని కోసేసినా ముందు సగం తన ఆకారంలో తాను నిలబడుతుంది. పోల్చి చూస్తే, అదే కంపెనీ వాళ్ల వీరాగో 750 చూడటానికి చాపర్‌లాగే ఉంటుంది, పాతవి చవకగా కూడా దొరుకుతాయి. కానీ దాని ఫ్రేము రేకును నొక్కి చేసిన వెన్నెముక, ఇంజినే ఫ్రేములో ఒక భాగం, చైనుకు బదులు షాఫ్టు. దాని వెనక భాగం కోసి షాకబ్జర్లు లేని కడ్డీ ఫ్రేము అతకాలంటే గ్యారేజీ చాలదు, కార్ఖానా కావాలి. అందుకని దాత బండిని ఎంచుకునేటప్పుడు సీటు, ట్యాంకు ఎలా ఉన్నాయన్నది వదిలేయండి, అవి ఎలాగూ పోయేవే. వాటిని తీసేశాక ఏం మిగులుతుందో చూడండి.

రెండో బాధ్యత వాలు. దీన్ని కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే చాపర్ తొక్కడానికి పనికొస్తుందా, నిలబెట్టి చూసుకోవడానికేనా అన్నది ఇక్కడే తేలుతుంది. నిలువు గీత నుంచి మెడ ఎన్ని డిగ్రీలు వెనక్కు వాలిందో దాన్ని రేక్ అంటారు. ఆ మెడ మధ్యరేఖను నేలదాకా పొడిగించినట్టు ఊహించుకోండి. అది నేలను తాకే చోటు, టైరు నేలను తాకే చోటుకు కాస్త ముందుంటుంది. ఈ రెండింటి మధ్య దూరం ట్రైల్. సూపర్‌మార్కెట్లో బండి తోసేటప్పుడు ముందు చక్రాలు వాటంతటవే తిరిగి మీరు తోసిన దిక్కుకు సర్దుకోవడం చూసే ఉంటారు. చక్రం తన కీలు వెనకాలే ఈడ్చుకుంటూ వస్తుంది కాబట్టి అది సాధ్యమవుతుంది. మోటారు సైకిలు నేరుగా పోవాలన్నా అదే సూత్రం. ట్రైల్ మరీ తక్కువైతే బండి వేగంలో వణుకుతుంది. మరీ ఎక్కువైతే నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రం తలుపు రెక్కలా ఒకపక్కకు వాలిపోతుంది, చేతులు దాన్ని మోయాల్సివస్తుంది.

లెక్క కష్టమేమీ కాదు. చక్రం వ్యాసార్ధాన్ని రేక్ కోణం సైన్‌తో గుణించి, అందులోంచి మెడ మధ్యరేఖకూ ఫోర్కు గొట్టాల మధ్యరేఖకూ ఉన్న ఎడాన్ని తీసివేసి, వచ్చినదాన్ని అదే కోణం కొసైన్‌తో భాగించాలి. ఉదాహరణకు టైరుతో కలిపి చక్రం వ్యాసార్ధం 330 మిల్లీమీటర్లు, ఎడం 60 మిల్లీమీటర్లు అనుకుందాం. రేక్ 27 డిగ్రీలైతే ట్రైల్ దాదాపు 100 మిల్లీమీటర్లు వస్తుంది. ఫొటోల్లో కనిపించే చాపర్లలా మెడను కోసి 45 డిగ్రీలకు వాల్చితే 245 మిల్లీమీటర్లు అవుతుంది. అలాంటి బండిని పార్కింగు స్థలంలో వెనక్కు తిప్పడం ఎద్దును కొమ్ములు పట్టుకుని తిప్పడంతో సమానం. దీనికి విరుగుడుగా ఫోర్కులను పట్టి ఉంచే పలకలనే కొన్ని డిగ్రీలు వంచి ట్రైల్ తగ్గించేవి అమ్ముతారు. బాగా వాల్చిన మెడకు అవి మేలు చేస్తాయి. కంపెనీ ఇచ్చిన మెడకు, పొడవు పెంచని ఫోర్కులతో అవే బిగిస్తే ట్రైల్ ప్రమాదకరమైనంత తగ్గిపోతుంది. ఆకారం అచ్చం చాపర్‌లాగే ఉంటుంది, అరవై మైళ్ల వేగంలో హ్యాండిల్ అదుపు తప్పుతుంది. ఇంట్లో కట్టినవాళ్లు చేసే తప్పుల్లో నన్ను అన్నింటికన్నా భయపెట్టేది ఇదే.

మరి మెడ కోయకుండా చాపర్ వాలు ఎలా వస్తుంది? మెడ కోణం ఫ్రేములో మారదు కానీ, ఫ్రేము నేల మీద కూర్చునే తీరు మారుతుంది. ఎక్స్‌ఎస్650 చక్రాల మధ్య దూరం 56 అంగుళాలు అటూ ఇటూగా ఉంటుంది. నేను వెనక ఇరుసును 100 మిల్లీమీటర్లు వెనక్కు జరిపాను, వెనక భాగాన్ని 50 మిల్లీమీటర్లు కిందికి దించాను. అంత పొడవు మీద 50 మిల్లీమీటర్లు దిగితే ఫ్రేము మొత్తం దాదాపు రెండు డిగ్రీలు వెనక్కు ఒరుగుతుంది. ముందు ఫోర్కు గొట్టాలను 100 మిల్లీమీటర్లు పొడవైనవి వేస్తే మెడ సుమారు 90 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, మరో మూడు డిగ్రీల పైచిలుకు వాలు వస్తుంది. 27 కాస్తా 32 అయింది, ట్రైల్ 135 మిల్లీమీటర్లకు చేరింది. రహదారి మీద నిలకడగా పోతుంది, వీధి మలుపులో భుజాలు పీకవు. కిందిగొట్టాలు నేలకు సమాంతరంగా లేవని, బండి ముక్కు పైకెత్తినట్టుందని కొందరు చాపర్ పండితులు విమర్శిస్తారు. వాళ్ల మాట నిజమే. ఇంజిను కూడా ఐదు డిగ్రీలు ఒరిగింది కాబట్టి కార్బొరేటరులో పెట్రోలు మట్టాన్ని మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది. అయినా మెడ కోయడంతో పోలిస్తే ఇది చిన్న ఖర్చు.

మూడో బాధ్యత కొలత. ఇక్కడ నాకు గురువులు విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలు. చిన్నప్పుడు సెలవుల్లో మా మేనమామగారి షెడ్డులో లారీ బాడీలు కట్టడం చూసేవాణ్ణి. లేజర్లు, భాగాలను కదలకుండా పట్టే జిగ్‌లు లేని ఆ షెడ్డులో మేస్త్రీ ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు దారం లాగి కట్టి, ఒక కన్ను మూసి, నిమిషంసేపు కదలకుండా చూసేవాడు. ఆ తరువాతే సుద్దముక్క తీసేవాడు. నా గ్యారేజీలోనూ అదే చేశాను. మందపాటి ఇనుప పలక ఒకటి సంపాదించి, రసమట్టంతో చదును చూసి, ఇంజిను బోల్టులు పట్టే రంధ్రాల దగ్గరే ఫ్రేమును దానికి బిగించాను. మెడలోకి సరిగ్గా పట్టే నిటారు కడ్డీ దూర్చి, దాని మధ్య నుంచి తూకం గుండు వేలాడదీసి, ఆ బిందువు నుంచి వెనకకు పలక మీద ఒక మధ్యరేఖ గీశాను. వెనక ఇరుసు పలకలు రెండూ ఆ రేఖకు సమాన దూరంలో ఉన్నాయా, మెడ బిందువు నుంచి రెండింటికీ దూరం ఒకటేనా, ఈ రెండు ప్రశ్నలే మూడు వారాలపాటు నా జీవితం.

వెనక భాగాన్ని సిద్ధంగా వంచిన గొట్టాలతో కొనుక్కున్నాను. ట్యాంకు వెనక పై గొట్టాలు రెండు, ఇంజిను వెనక కింది గొట్టాలు రెండు, మొత్తం నాలుగు అతుకులు. రెండు గొట్టాలను మూతికి మూతి పెట్టి అతికితే చాలదు. లోపల సరిగ్గా పట్టే ఉక్కు ముక్క దూర్చి, బయటి గొట్టానికి రంధ్రాలు వేసి, ఆ రంధ్రాల్లోంచి కూడా లోపలి ముక్కకు వెల్డింగు చేయాలి. ముందు చిన్న చిన్న టాకాలు వేసి, కొలతలు చూసి, అప్పుడే పూర్తి వెల్డింగు పట్టాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఒక శనివారం రాత్రి, పని బాగా సాగుతోందన్న ఉత్సాహంలో, ఎడమపక్క రెండు అతుకులనూ ఒక దెబ్బలో పూర్తిచేసి పడుకున్నాను. పొద్దున దారం కట్టి చూస్తే వెనక ఇరుసు మధ్యబిందువు ఐదు మిల్లీమీటర్లు ఎడమకు లాగేసుకుపోయింది. కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది, ముడుచుకునేటప్పుడు తనవైపే లాగుతుంది. అతుకులు కోసి, ఆకురాయితో మూతులు సవరించి, మళ్లీ మొదలుపెట్టాను. రెండోసారి ఎడమన ఒక టాకా, కుడిన ఒక టాకా, పైన ఒకటి, కింద ఒకటి చొప్పున తిప్పుతూ, ప్రతి టాకాకూ చేతిని గొట్టం మీద పెట్టగలిగినంత చల్లారేదాకా ఆగాను. టాకా చల్లారేటప్పుడు 'టిక్' మని ఒక సన్నని చప్పుడు వస్తుంది. ఆ రాత్రుల్లో గ్యారేజీలో నాకు తోడు అదే.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. టాకాలు నావే, బండిలో చివరికి నిలిచిన పూర్తి వెల్డింగు మాత్రం నాది కాదు. నేను వేసిన నమూనా అతుకును రంపంతో అడ్డంగా కోసి చూస్తే పైన పూసలా అందంగా ఉంది, లోపల సగం లోతుకు కూడా లోహం కలవలేదు. ఇంకొకదాన్ని వైసులో బిగించి వంచితే అతుకు దగ్గరే విరిగింది. అందుకని వృత్తిగా వెల్డింగు చేసే మిత్రుణ్ణి పిలిచి, పక్కన నిలబడి తాపం చూసుకున్నాను. మీరు వేసిన అతుకులు మూడు వరుసగా వంచినా విరగనంతవరకు మీరు కూర్చునే ఫ్రేము మీద వెల్డింగు టార్చి పెట్టకండి. శుభ్రం చేయడానికి బ్రేక్ క్లీనరు వాడి అది పూర్తిగా ఆరకముందే వెల్డింగు మొదలుపెట్టకండి. క్లోరిన్ ఉన్న రకమైతే ఆ వేడికి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. క్రోము పూత, జింకు పూత ఉన్న ముక్కల పూతను ముందే తీసేయాలి. పాత పెట్రోలు ట్యాంకు ఖాళీగా కనిపించినా ఆవిరి ఉంటుంది కాబట్టి దానికి వెల్డింగు జోలికే పోవద్దు. నేను ట్యాంకు కొత్తది కొన్నాను.

మిగతావి త్వరగా చెబుతాను. షాకబ్జర్లు లేని ఫ్రేములో వెనక చక్రం పైకీ కిందికీ ఆడదు కాబట్టి చైను వదులు మారదు, కానీ రెండు పళ్ల చక్రాలూ ఒకే తలంలో లేకపోతే చైను నెలలోనే అరిగిపోతుంది. పాత చాపర్లలో ముందు బ్రేకు తీసేయడం ఫ్యాషనుగా ఉండేది. నేను ఉంచాను, దాని మీద వాదనకు కూడా రాను. వైరింగును బ్యాటరీ, ఫ్యూజు, తాళం, ఇగ్నిషన్, లైట్లు, ఆపే స్విచ్చు, ఇంతవరకే కుదించాను. రంగు వేయకముందే ప్రతి చిన్న కొక్కేన్నీ అతికి, బండిని ఒకసారి పూర్తిగా బిగించి, మళ్లీ పూర్తిగా విప్పాను. రంగు వేశాక గుర్తొచ్చిన కొక్కెం ఎంత బాధపెడుతుందో ఆ పని చేసినవారికే తెలుస్తుంది.

ఇండియా నుంచి మా అన్నయ్య కొడుకు ఫోను చేసి, బాబాయ్, హైదరాబాదులో నా బుల్లెట్టును కూడా ఇలా చేసుకోవచ్చా అని అడిగాడు. వద్దురా అన్నాను. ఇక్కడ టైటిలుతో నెట్టుకొచ్చిన పని అక్కడ కుదరదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే వ్యాఖ్యానించింది. అదే ఏడాది చేసిన సవరణలో అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చన్నారు. ఫ్రేము కోయడం, ఫోర్కులు పెంచడం, షాకబ్జర్లు తీయడం, ఇలా ఒక్కో మార్పునూ లెక్కపెట్టుకుంటూ పోతే జరిమానా పెరుగుతూనే ఉంటుంది. ప్రదర్శన కోసం, ప్రైవేటు స్థలంలో నడపడం కోసం కట్టుకుంటే అది వేరు. వాడికి దారం కట్టి ఇరుసులు చూడటం మాత్రం ఫోనులోనే నేర్పాను.

బండి మొదటిసారి రోడ్డెక్కిన రోజు పది మైళ్లు పోయి ఆగాను. ఇంజిను చల్లారేదాకా కూర్చుని, ప్రతి బోల్టునూ పానాతో మళ్లీ బిగించాను. ఈ ఇంజిను వణుకు అలాంటిది, ఎనిమిది బోల్టులు తిరిగాయి. తరువాత నాలుగు అతుకుల దగ్గరా రంగు మీద వెంట్రుకంత గీత ఏమైనా వచ్చిందేమోనని వేలితో తడిమి చూశాను. అప్పటినుంచి ప్రతి 500 మైళ్లకూ అదే పని. బండి ఇప్పుడు బయట పార్కింగులో, మూడో వరుసలో ఉంది. మెడ మీది సంఖ్యకు మాత్రం రంగు వేయలేదు, పలచని వార్నీషు పూశాను. చూడాలనుకున్నవాళ్లు టార్చి తెచ్చుకుని నాతో రండి.